పోయినేడాది ఫ్లూ టీకా వేయించాం కదా, మళ్లీ ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు, షుగర్ ఉంది. నిరుడు జూన్‌లో ఫ్లూ టీకా వేయించాం. అయినా ఆగస్టులో వారం రోజులు జ్వరం, దగ్గుతో మంచం పట్టారు. ఈసారీ వేయించమని మా డాక్టర్ అంటున్నారు. చిన్నప్పుడు వేసిన తట్టు టీకా జీవితాంతం కాస్తుంటే, దీన్ని ఏటా ఎందుకు వేయించాలి?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ డాక్టర్ చెప్పింది నిజమే, తప్పకుండా వేయించండి. తట్టు వైరస్ పైతొడుగు దశాబ్దాలుగా పెద్దగా మారలేదు. అందుకే 1954లో సేకరించిన వైరస్ నుంచి తయారైన టీకా ఇప్పటికీ పనిచేస్తోంది. ఫ్లూ వైరస్ అలా కాదు. ఒంట్లో తన నకళ్లు తీసుకునేటప్పుడు తప్పులు దొర్లుతాయి, వాటిని దిద్దుకునే ఏర్పాటు దానికి లేదు. ఆ తప్పుల్లో కొన్ని దాని పైనున్న ప్రొటీన్లను మారుస్తాయి. నిరుటి టీకాతో తయారైన యాంటీబాడీలు ఆ మారిన రూపాన్ని సరిగా గుర్తుపట్టలేవు. పైగా నెలలు గడిచేకొద్దీ అవీ తగ్గిపోతాయి.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఏటా రెండుసార్లు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి, టీకాలో ఏ రకాలు ఉండాలో చెబుతారు. కోడిగుడ్లలో వైరస్‌ను పెంచి టీకా చేయడానికి ఆరు నెలల దాకా పడుతుంది. ఈలోగా వైరస్ ఊరుకోదు. 2014లో ఇదే జరిగింది. రకాలు ఎంపికయ్యాక వాటిలో ఒకటైన హెచ్3ఎన్2 అనే ఫ్లూ రకం మారిపోయింది, ఆ సీజన్‌లో అమెరికాలో టీకా 20 శాతం కూడా పనిచేయలేదు.

వీలైతే టీకా పెట్టె ఒకసారి చూడండి. 'ఏ/థాయ్‌లాండ్/8/2022' లాంటి పేర్లుంటాయి. ఏ రకం వైరస్, ఎక్కడ దొరికింది, నమూనా నంబరు, సంవత్సరం అన్నమాట. ఉత్తరార్ధగోళపు 2024-25 టీకాలో హెచ్3ఎన్2 కోసం పెట్టింది ఇదే. మరుసటి ఏడాదికి దాన్ని తీసేసి క్రొయేషియాలో దొరికిన రకం పెట్టారు. టీకాలోని మిగతా రెండు రకాలూ మారలేదు. బి-యమగాటా అనే రకమైతే 2020 మార్చి తర్వాత ఎక్కడా నిర్ధారణ కాలేదు, అందుకే నాలుగు రకాల టీకా మళ్లీ మూడు రకాలకు వచ్చింది.

నాన్నగారికి వచ్చింది ఫ్లూయేనా అన్నది పరీక్ష చేస్తేనే తెలిసేది. వానాకాలంలో అలాంటి జ్వరాలు తెచ్చే వైరస్‌లు చాలా ఉన్నాయి. ఒకవేళ ఫ్లూయే అయినా, టీకా వేయించుకున్నవాళ్లలో అది ఆసుపత్రి దాకా వెళ్లడం తక్కువ. ఈ వయసులో, షుగర్ ఉన్న మనిషికి అదే నాకు ముఖ్యం.

మన దగ్గర ఫ్లూ వానలతో పెరుగుతుంది. టీకా పట్టు రావడానికి రెండు వారాలు కావాలి కాబట్టి మే నెలలోనే వేయించండి. పెట్టె మీద 'దక్షిణార్ధగోళం', ఈ ఏడాది అంకె ఉన్నది అడగండి, అప్పటికి అదే కొత్తది. అది దొరకలేదని వానలు వెళ్లేదాకా ఆగొద్దు, గడువు దాటనిది ఏదున్నా వేయించేయండి. ఆ రోజు జ్వరం ఎక్కువగా ఉంటే తగ్గేదాకా ఆగండి. ఇంతకుముందు ఈ టీకాకు తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే ముందే చెప్పండి. టీకా వేయించాక కూడా గట్టి జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే రెండు రోజుల్లోపే డాక్టర్‌కు చూపించండి. ఒసెల్టామివిర్ మందు అప్పుడైతేనే బాగా పనిచేస్తుంది. ఆయాసం ఉంటే మాత్రం ఒక్క పూట కూడా ఆగకండి.