వండర్ వుమన్ మట్టి బొమ్మ నుంచి పుట్టిందా, జియస్ కూతురా? కామిక్స్‌లో అసలు కథ ఏది?

రెండు కథలూ కామిక్స్‌లో ఉన్నాయి, రెండింటినీ ఈ కామిక్స్ వేసే డీసీ కంపెనీ వాళ్ళే అచ్చేశారు. 2017 సినిమా మొదట్లో తల్లి హిప్పోలిటా "నిన్ను మట్టితో చేశాను, జియస్ ప్రాణం పోశాడు" అని చెబుతుంది. జియస్ అంటే గ్రీకు దేవతల రాజు. చివర్లో యుద్ధదేవుడు ఏరీస్ వచ్చి "నువ్వు జియస్ బిడ్డవే" అని బయటపెడతాడు. అది చూసి మీకొచ్చిన అనుమానం చాలామందికి వచ్చింది. సూటిగా చెప్పాలంటే మట్టి కథ 1942 నాటిది, జియస్ తండ్రి అనే కథ 2011 నాటిది. ఏది అసలుది అని నన్నడిగితే నేను మట్టి కథ వైపే ఉంటాను. అది పాతది కాబట్టి మాత్రమే కాదు.

వండర్ వుమన్ మొదట కనిపించింది 1941 చివర్లో, ఆల్ స్టార్ కామిక్స్ 8వ సంచికలో. రాసింది విలియం మౌల్టన్ మార్స్టన్, చార్లెస్ మౌల్టన్ అనే కలం పేరుతో. బొమ్మలు హెచ్. జి. పీటర్‌వి. మార్స్టన్ వృత్తిరీత్యా సైకాలజిస్టు. మనిషి అబద్ధం చెప్పేటప్పుడు రక్తపోటు ఎలా మారుతుందో పరిశోధించి, లై డిటెక్టర్‌కి దారి వేసినవాళ్ళలో ఒకడు. నిజం చెప్పించే తాడుతో ఈ పాత్ర ఇంత పేరు తెచ్చుకుందంటే అందులో ఆశ్చర్యమేమీ లేదు, అయితే మొదట్లో ఆ తాడు కట్టినవాళ్ళ మాట వినేలా చేసేది. నిజం చెప్పించడమే దాని ప్రధాన గుణంగా స్థిరపడింది తర్వాతి కాలంలో.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఆ మొదటి కథలో మట్టి ప్రస్తావనే లేదు. డయానా, అంటే వండర్ వుమన్, హిప్పోలిటా కూతురు, అంతే. మట్టి కథ వచ్చింది ఆమె పేరుతోనే వచ్చిన పత్రిక మొదటి సంచికలో, 1942 వేసవిలో. అది ఇలా సాగుతుంది.

అమెజాన్లనే యోధురాళ్ళను ప్రేమదేవత ఆఫ్రొడైటీ సృష్టించి, వాళ్ళ రాణి హిప్పోలిటాకి మహిమగల నడికట్టు ఇస్తుంది. అది ఉన్నంతకాలం వాళ్ళని ఎవరూ ఓడించలేరు. హెర్క్యులీస్ పోరుకి వచ్చి ఓడిపోతాడు. బలంతో కాని పని మోసంతో సాధిస్తాడు. స్నేహం నటించి, విందు చేసి, నడికట్టు కాజేస్తాడు. అమెజాన్లందరికీ సంకెళ్ళు పడతాయి. చివరికి ఆఫ్రొడైటీ కరుణించి విడిపిస్తుంది కానీ రెండు షరతులు పెడుతుంది. మగవాళ్ళ లోకం వదిలి దూరంగా వెళ్ళిపోవాలి, బానిసలుగా ఉన్నప్పుడు వేసిన కడియాలు ఎప్పటికీ తీయకూడదు. తుపాకీ గుండ్లని టకటకా ఆపే ఆ కడియాలు మొదట్లో ఆయుధాలు కావు, జరిగిన మోసాన్ని మరిచిపోకుండా చేతికి ఉంచుకున్న గుర్తులు. నాకు ఈ పాత్రలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. మార్స్టన్ ఇంట్లోనే ఉండే ఆలివ్ బర్న్ చేతికి వెడల్పాటి కడియాలు వేసుకునేది, ఈ ఆలోచన అక్కడి నుంచే వచ్చింది.

అలా సముద్రాలు దాటి పారడైజ్ ద్వీపం చేరాక, హిప్పోలిటా ఒక పసిబిడ్డ బొమ్మని మట్టితో మలుస్తుంది. ఆ పని నేర్పింది జ్ఞానదేవత ఎథీనా. చేస్తూ చేస్తూ ఆ బొమ్మ మీద మమకారం పెంచుకుంటుంది. ఆఫ్రొడైటీ దానికి ప్రాణం పోసి, చంద్రుడికి, వేటకి అధిదేవత అయిన డయానా పేరు పెడుతుంది. పార్వతి నలుగుపిండితో వినాయకుణ్ణి చేసిన కథ విని పెరిగినవాళ్ళకి ఇది ఏమాత్రం వింతగా అనిపించదు. తల్లి కోరుకుంది, తన చేతులతో చేసుకుంది, బిడ్డ వచ్చింది. ఇందులో తండ్రి లేడు. లేని లోటు కూడా కథలో ఎక్కడా కనిపించదు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ కథ మీద నా అభిప్రాయం అక్కడే గట్టిపడింది. మా అమ్మాయిని నేను ఒక్కదాన్నే పెంచుతున్నాను. దానికి ఊహ తెలిసినప్పటి నుంచి "మీ నాన్న ఎవరు, ఎక్కడుంటారు" అని తోటి పిల్లలు అడుగుతూనే ఉన్నారు. నేను ఎన్ని రకాలుగా నచ్చజెప్పినా దాని మనసులో ఏదో తక్కువైన భావం ఉండిపోయేది. ఆ రోజుల్లో పాత వండర్ వుమన్ కథల సంకలనం ఒకటి ఇంట్లో ఉంటే ఇద్దరం కూర్చుని చదివాం. హిప్పోలిటా బొమ్మ చేసే చోట పేజీ తిప్పనివ్వలేదు. "అమ్మా, అంత చిన్న వేళ్ళు చెయ్యడానికి ఎంతసేపు పట్టుంటుంది?" అంది. చాలాసేపు పట్టి ఉంటుందని చెప్పాను. "మధ్యలో విరిగిపోతే మళ్ళీ చేసిందా?" అంది. చేసే ఉంటుందన్నాను. అలా ఆ ఒక్క బొమ్మ గురించే చాలాసేపు మాట్లాడుకున్నాం. కథలో లేనివన్నీ కల్పించుకున్నాం. దేవతలెవరు, హెర్క్యులీస్ ఏం చేశాడు, అవేవీ దానికి పట్టలేదు. ఒక తల్లి అంత శ్రద్ధగా కూర్చుని చేసిందన్న సంగతి మాత్రం పట్టుకుంది.

తర్వాత మేం సినిమా చూశాం. ఏరీస్ ఆ మాట చెప్పగానే మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "అయితే వాళ్ళమ్మ అబద్ధం చెప్పిందా?" అని అడిగింది. పక్కన యుద్ధం జరుగుతోంది, మంటలు, పేలుళ్ళు. దాని మనసంతా ఆ ఒక్క మాట మీదే ఉంది. కథ మార్చడం వల్ల ఏం పోయిందో నాకు అప్పుడు స్పష్టంగా అర్థమైంది. జియస్‌ని తండ్రిగా చేర్చడం అంటే ఒక పాత్రని అదనంగా పెట్టడం మాత్రమే కాదు. తల్లిని అబద్ధాలకోరుని చెయ్యడం కూడా.

అది సినిమావాళ్ళు సొంతంగా పెట్టింది కాదు. 2011లో డీసీ తన పత్రికలన్నిటినీ మళ్ళీ ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టినప్పుడు, బ్రయన్ అజరెల్లో రచనతో, క్లిఫ్ చియాంగ్ బొమ్మలతో వచ్చిన వండర్ వుమన్ 3వ సంచికలో ఈ మార్పు జరిగింది. అందులో డయానా తండ్రి జియస్ అని తేలుతుంది. జియస్ భార్య హీరా అసూయ నుంచి బిడ్డని కాపాడుకోవడానికే హిప్పోలిటా మట్టి కథ అల్లింది. నన్ను బాధపెట్టే వివరం ఇంకోటుంది. ద్వీపంలోని తోటివాళ్ళు డయానాని "మట్టి" అని పిలిచి ఏడిపించేవారట. డెబ్బై ఏళ్ళపాటు ఆమెకి గౌరవంగా ఉన్నదాన్ని తీసుకొచ్చి తిట్టు చేశారు. అదే సిరీస్ 7వ సంచికలో అమెజాన్లు ఓడల మీద పడి నావికులతో గడిపి చంపేస్తారని, పుట్టిన మగపిల్లల్ని కమ్మరి దేవుడు హెఫెస్టస్‌కి ఇచ్చేసి బదులుగా ఆయుధాలు తీసుకుంటారని చూపించారు. మార్స్టన్ ఊహించిన స్త్రీలకి, వీళ్ళకి పొంతనే లేదు.

న్యాయంగా చెప్పాలి కదా, ఆ సిరీస్ చదవడానికి చాలా బాగుంటుంది. చియాంగ్ గీసిన గ్రీకు దేవతల రూపాలు ఎక్కడా చూసినట్టుండవు. గ్రీకు పురాణాల్లో వీరులు చాలామంది జియస్ బిడ్డలే కాబట్టి, ఈ మార్పుకి పురాణాల పరంగా ఆధారం లేదనీ అనలేం. అన్నదమ్ములు, సవతి తల్లి, వారసత్వం కోసం కుమ్ములాట, ఇలా కథ నడపడానికి బోలెడంత సరుకు దొరుకుతుంది. రచయితకి అది ఎందుకు నచ్చిందో నాకు తెలుసు. కానీ దానికి కట్టిన వెల ఎక్కువ.

ఎందుకు ఎక్కువో ఆమె బలం ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే తెలుస్తుంది. మార్స్టన్ కథల్లో డయానా శక్తి సాధనతో వచ్చింది. అమెజాన్లందరూ ఆ శిక్షణ తీసుకున్నవాళ్ళే. ఆమె వాళ్ళందరిలో మేటి కావడం పుట్టుకతో రాలేదు, పోటీలో గెలిస్తే వచ్చింది. అమెరికా సైన్యం గూఢచారి విభాగానికి చెందిన స్టీవ్ ట్రెవర్ విమానం ద్వీపంలో కూలిపోతుంది. అతన్ని తీసుకెళ్ళి అమెరికాలో దింపడానికి, అక్కడే ఉండి యుద్ధంలో సాయం చెయ్యడానికి అందరికన్నా బలమైన అమెజాన్‌ని పంపమని దేవతలు చెబుతారు. రాణి పోటీ పెడుతుంది, కూతురు మాత్రం పాల్గొనకూడదంటుంది. డయానా ముసుగు వేసుకుని దిగుతుంది. పరుగులు, కుస్తీలు అన్నీ అయ్యాక ఇద్దరే మిగులుతారు. ఆఖరి పరీక్షలో ఒకరి మీద ఒకరు తుపాకీ పేల్చాలి, ఎదుటివాళ్ళు కడియాలతో ఆపాలి. అవతలామె గురి తప్పదు, డయానా ఆపుతుంది. తన వంతు వచ్చినప్పుడు గెలుస్తుంది. ముసుగు తీశాక తల్లికి గుండె జారిపోతుంది, కానీ ఆడిన మాట తప్పదు. ద్వీపం వదిలితే చావులేని బతుకు వదులుకున్నట్టే. తెలిసే వెళ్తుంది. ఇంత కష్టపడి సంపాదించుకున్న దాన్ని "వాళ్ళ నాన్న దేవుడు కదా, అందుకే" అనే ఒక్క మాటకి కుదిస్తే నాకు మింగుడు పడదు.

ఆ మాటకొస్తే పుట్టుకతోనే శక్తులు రావడం 2011 కన్నా ముందే మొదలైంది. 1947లో మార్స్టన్ పోయాక పత్రిక రాబర్ట్ కానిగర్ చేతికి వచ్చింది. 1959లో 105వ సంచికలో దేవతలు ఉయ్యాలలోని పాపకి అందం, తెలివి, బలం, వేగం వరాలుగా ఇచ్చేశారు. నా లెక్కలో అసలు జారుడు అక్కడే.

ఇక 1987 సంగతి. జార్జ్ పెరెజ్ చేతికి వచ్చాక మట్టి కథ నిజంగా లోతు సంతరించుకుంది. ఆయన కథలో అమెజాన్లంటే వేల ఏళ్ళుగా మగవాళ్ళ హింసకి బలైపోయిన స్త్రీల ఆత్మలు. దేవతలు వాళ్ళకి కొత్త శరీరాలిస్తారు. హిప్పోలిటా గత జన్మలో కడుపుతో ఉండగా హత్యకి గురైంది. అందుకే ఆమెకి తెలియకుండానే ఏదో వెలితి వెంటాడుతూ ఉంటుంది. ద్వీపం ఒడ్డున మట్టి తీసి పాపని చేస్తే, అప్పుడు పుట్టకుండానే పోయిన ఆ బిడ్డ ఆత్మే ఈ మట్టిలోకి వస్తుంది. అంటే డయానా దేవతలు చేసిపెట్టిన బొమ్మ కాదు, ఎప్పుడో పోగొట్టుకున్న బిడ్డ తిరిగి రావడం. వరాలు ఇక్కడా ఉన్నాయి, పోటీ కూడా ఉంది. పేరుకి కూడా పెరెజ్ కొత్త కారణం చెప్పాడు. స్టీవ్ తల్లి డయానా ట్రెవర్ పైలట్. ఆమె విమానం ద్వీపంలో దిగిపోతుంది, ముక్కూమొహం తెలియని అమెజాన్ల కోసం పోరాడి ప్రాణాలు వదులుతుంది. హిప్పోలిటా కూతురికి పెట్టింది ఆమె పేరే. చంద్రదేవత పేరు కన్నా ఇది నాకు ఇంకా నచ్చింది.

సినిమా చూసి వచ్చాక మా అమ్మాయికి ఇదంతా విడమర్చి చెప్పాను. కథని కాలానికో రచయిత రాశాడనీ, 2011లో ఒకాయన మార్చాడనీ, అంతకుముందు హిప్పోలిటా చెప్పింది నిజమేననీ. "అయితే నేను ముందుదే తీసుకుంటాను" అంది. అలా ఎంచుకునే హక్కు పాఠకులకి ఉందనే నా నమ్మకం కూడా. ఇన్నేళ్ళ కామిక్స్‌లో ఒకే ఒక్క నిజమైన కథ వెతకడం అయ్యే పని కాదు, డీసీ వాళ్ళే పదేపదే తిరగరాస్తుంటారు.

మీరు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, 1987లో మొదలైన పెరెజ్ సిరీస్ మొదటి ఏడు సంచికలు చదవండి. 1942 నాటి కథ ఆ తర్వాత చదివితే ఎవరేం మార్చారో బాగా తెలుస్తుంది. కాకపోతే పాతకాలం కామిక్ కాబట్టి మాటలు ఎక్కువ, యుద్ధకాలపు ప్రచారం ధోరణి ఉంటుంది, జపాన్ వాళ్ళని చూపించిన తీరు ఈరోజు చదవడానికి ఇబ్బందిగా ఉంటుంది. అజరెల్లో సిరీస్ మాత్రం పెద్దవాళ్ళకే. పెరెజ్ మొదటి సంచికలో కూడా హత్య జరిగే పేజీలు, హెర్క్యులీస్ దండయాత్ర పేజీలు గట్టిగానే ఉంటాయి. చిన్నపిల్లలతో చదవాలనుకుంటే ముందు మీరు ఒకసారి చూసుకుని, అవి దాటేసి, హిప్పోలిటా మట్టి తవ్వడానికి ఒడ్డుకి వెళ్ళే చోట మొదలుపెట్టండి. మేం అలాగే చదివాం, కథ ఎక్కడా తెగినట్టు అనిపించలేదు.