నల్లగొర్రెలు కొన్న మేనల్లుడికి

హైదరాబాద్

చిరంజీవి అల్లుడికి మేనమామ ఆశీస్సులు.

నువ్వు ఇరవై నల్లగొర్రెలనూ ఒక పొట్టేలునూ కొని శంషాబాద్ అవతల మన చెలకలో దొడ్డి కట్టావని అక్కయ్య ఫోనులో చెప్పింది. నెల్లూరు జాతి అయితే తొందరగా బరువు వస్తుందనీ, ఉన్ని కత్తిరించే పని ఉండదనీ నీకు చాలామంది చెప్పే ఉంటారు. అందులో అబద్ధం లేదు. అయినా రాతి నేల మీద ఎండుగడ్డి కొరుక్కుంటూ ఎంత దూరమైనా నడవగల ఈ నల్ల దక్కనీ జాతి గొర్రెను నువ్వు ఎంచుకున్నందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది. అయితే ఈ గొర్రె చిక్కిపోయినా, గాయపడినా ఒంటి మీది ఉన్ని ఆ సంగతిని కప్పేస్తుంది కనుక దూరం నుంచి మందను చూసి అంతా బాగుందనుకోవడం ఈ జాతి విషయంలో పనికిరాదు.

పొద్దున దొడ్డి తలుపు తీసినప్పుడు అన్నిటినీ ఒక్కసారిగా వదలకుండా, ఒక్కొక్కటిగా బయటికి రానిచ్చి నడక చూడు. వెనకబడినదాన్నీ, తల వేలాడేసినదాన్నీ, తోక దగ్గర పారుడు అంటుకున్నదాన్నీ మేపుకు తోలకుండా పక్కకు కట్టు. వారానికి ఒకసారైనా ప్రతి గొర్రె నడుము మీద చేయి వేసి, ఉన్ని కింద వెన్నుపూస ఎంత మొనతేలి తగులుతోందో తడిమి చూడు. కింది కంటిరెప్పను వేలితో దించితే లోపల ఎర్రగా ఉండాలి. అది తెల్లగా పాలిపోయి, దవడ కింద నీరు దిగితే కడుపులో నట్టలు అనే పురుగులు రక్తం పీలుస్తున్నాయని అనుమానించి, పేడను పశువైద్యశాలకు తీసుకెళ్లి పరీక్ష చేయించు. ఊరికే నెలనెలా ఒకే మందు తాగిస్తూ పోతే కొన్నాళ్లకు నట్టలు ఆ మందుకు లొంగవు. చెరువు అంచున పచ్చగా కనిపించే గడ్డి మీదికి మాత్రం మందను పోనివ్వకు. అక్కడి నత్తల వల్ల కాలేయానికి జలగ వ్యాధి పట్టుకుంటుంది.

మేత విషయంలో నగరానికి దగ్గరగా ఉండడమే నీకు పెద్ద ప్రమాదం. ఫంక్షన్ హాళ్ల దగ్గర మిగిలిన అన్నం, బిర్యానీ ఊరికే ఇస్తామని ఎవరైనా అంటే దయచేసి తీసుకోకు. అలవాటు లేని గొర్రె ఒక్కసారిగా అన్నం తింటే కడుపులో ఆమ్లం పెరిగి, నెమరు ఆగి, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోతుంది. అన్నంతో పాటు ప్లాస్టిక్ సంచులు కూడా కడుపులో చేరతాయి. నీటి ఎద్దడికి వాడిపోయిన లేత జొన్నలో విషం ఉంటుందన్నది పెద్దలందరికీ తెలిసిన విషయమే. పత్తి ఏరిన చేలలోకి తోలే ముందు ఆ రైతు చివరిసారి మందు ఎప్పుడు కొట్టాడో అడిగి తెలుసుకో. వేరుశనగ కట్టె, కందిపొట్టు, తుమ్మకాయలు, సుబాబుల్ రొట్ట ఉంటే ఎండాకాలం గడిచిపోతుంది. పాడిపశువుల కోసం అమ్మే ఖనిజ మిశ్రమంలోని రాగి గొర్రెలకు పడదు కాబట్టి గొర్రెల కోసం చేసినదే అడిగి కొను.

వానాకాలాన్ని జూన్‌లో కాదు, మే నెలలోనే మొదలైనట్టు లెక్కపెట్టుకో. తొలకరి లేతగడ్డి ఎక్కువగా మేసిన బలమైన పిల్లలే చిటుక రోగంతో ఉన్నట్టుండి పడిపోతాయి కనుక దాని టీకా వానలకు ముందే పడాలి. నీలినాలుక టీకా కూడా అంతే. ఆ రోగాన్ని మోసే చిన్న కీటకాలు పేడ కలిసిన బురదలో పుట్టి, ముఖ్యంగా సాయంత్రం చీకటి పడే వేళ, తెల్లవారుజామున కుడతాయి. అందుకని దొడ్డిలో నీరు నిలవకుండా మొరం పోయించి, మునిమాపు వేళ వేపాకు పొగ వేయి. మూతి వాచి, ముక్కు చుట్టూ చెక్కు కట్టి, కుంటుతున్న గొర్రెను నీడన ఉంచి అంబలి తాగిస్తూ వెంటనే వైద్యుణ్ణి పిలువు. 1962 నంబరుకు ఫోను చేస్తే పశువైద్య సంచార వాహనం వస్తుంది.

చూడి గొర్రె అయిదు నెలలకు ఈనుతుంది. ఈనడానికి రెండు మూడు వారాల ముందు పొదుగు చుట్టూ, తోక కింద ఉన్నిని మెల్లగా కత్తిరించు. లేకపోతే పుట్టిన పిల్ల చన్ను దొరకక మురికి ఉన్నిని చప్పరిస్తూ నీరసపడుతుంది. పిల్ల బొడ్డుకు టించర్ అయోడిన్ రాసి, గంట రెండు గంటల్లోపే ముర్రుపాలు కడుపులో పడేటట్టు చూడు. ఆ పని జరగకపోతే తరువాత ఏ మందూ ఆ లోటు తీర్చలేదు.

ఉన్ని కత్తిరింపు ఏడాదికి రెండుసార్లు: వానలు పడకముందు ఒకసారి, వానలు వెనుదిరిగాక చలి ముదరకముందు మరోసారి. ముందు కడిగి బాగా ఆరనిచ్చి, రాత్రి మేత పెట్టకుండా ఉంచి, పొద్దున్నే కత్తెర పట్టు. నెలలు నిండిన గొర్రెను ఆ రోజు వదిలేయి. చర్మం మడతపడే చోట రెండో చేత్తో సాగదీసి పట్టకపోతే కత్తెర చర్మంలో దిగుతుంది, ఆ గాయం మీద ఈగ వాలి పురుగు పడుతుంది. ఒక గొర్రె ఏడాదికి ఇచ్చే ఉన్ని మామూలుగా కిలోలోపే, దాని ధర కూలికి కూడా సరిపోదని నాకు తెలుసు. అయినా దాన్ని చెత్తలో పారవేయకు. పొట్ట కింది ముతక ఉన్నినీ, పేడ అంటినదాన్నీ వేరు చేసి, పిల్లల తొలి కోత మెత్తని ఉన్నిని విడిగా గోనెసంచిలో వేపాకు వేసి దాచు. ఈ ఉన్నిని వడికి, చింతగింజల గంజి పెట్టి గొంగడి నేసే కురుమలు మన చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. వారిని వెతికి నేరుగా ఇవ్వు, వీలైతే డబ్బుకు బదులు ఒక గొంగడి నేయించుకో. వానలో మంద వెంట తిరిగేటప్పుడు నీకు అంతకంటే పనికొచ్చే బట్ట లేదు.

పొట్టేలును రెండేళ్లకోసారి మార్చు, లేకపోతే తనకు పుట్టిన పిల్లలతోనే జతకడుతుంది. కొత్తదాన్ని జియాగూడ మండీలో కొనవద్దు. అక్కడికి ఎన్నో చోట్ల నుంచి కోతకు వచ్చిన జీవాలు కలిసి నిలబడతాయి కాబట్టి ఏ రోగం ఏ గొర్రెతో వచ్చిందో ఎవరూ చెప్పలేరు. పల్లెలో కురుమల మందకు వెళ్లి, తల్లిని చూసి, ఉన్ని నల్లగా ఒత్తుగా ఉన్నదాన్ని ఎంచుకుని తెచ్చి, మూడు వారాలు వేరే కొట్టంలో ఉంచిన తరువాతే మందలో కలుపు.

ఇట్లు,
నీ మేనమామ