ధైర్యం చెప్పే పాటకే ఏడుపొస్తోంది

ప్రశ్న: మాది నెల్లూరు. వయసు 34. విడాకులై ఏడాదైంది. ఉద్యోగం కోసం ఏడేళ్ల బాబుతో చెన్నై వచ్చి వేళచేరిలో ఉంటున్నాను. మా చెల్లెలు కొత్త జీవితం గురించిన పాటలన్నీ ఏరి నా ఫోన్‌లో పెట్టింది. రోజూ వింటే మనసు మారుతుందట. నాకేమో ‘మౌనంగానే ఎదగమని’ మొదలవగానే ఏడుపు ఆగదు. పెళ్లయిన కొత్తలో మేమిద్దరం కారులో పాడుకున్న పాట అది. బాబు ‘ఆ పాట వద్దమ్మా’ అంటున్నాడు. అందరికీ ధైర్యమిచ్చే పాట నాకెందుకు పనిచేయదు?

జవాబు: మీలో ఏ లోపమూ లేదమ్మా, ముందు ఆ భయం వదిలేయండి. ఏ రోజుల్లో ఒక పాటను పదేపదే విన్నామో ఆ రోజులు దానికి అతుక్కుపోతాయి. పల్లవి రాగానే మీకు ఆ కారు, ఆ దారి, పక్క సీటులోని మనిషి గుర్తొస్తున్నారు. ఇక మాటలు ఎక్కడ వినపడతాయి?

మీ చెల్లెలిది మంచి మనసే. కానీ ఇంకా ఏడవడం పూర్తికాని మనిషికి ‘లే, నడువు’ అని పాట మీద పాట వినిపిస్తే గదమాయించినట్టే ఉంటుంది. ఇంట్లో ఎవరైనా పోతే పదిమందీ వచ్చి పలకరిస్తారు, దినాలు చేస్తారు. పెళ్లి పోతే మన ఇళ్లల్లో పలకరింపు కూడా ఉండదు, పైగా ఆ మాటే ఎత్తొద్దంటారు. ఆ దుఃఖం ఎక్కడికి పోతుంది? ఆ పాటలు కొన్నాళ్లు పక్కన పెట్టండి. బాబు పడుకున్నాక మీకు నచ్చిన విషాదగీతాలే ఓ అరగంట వినండి. ఏడుపొస్తే ఏడవండి.

బాబు భయపడుతున్నది మీ కన్నీళ్లకు. ‘పాత రోజులు గుర్తొచ్చి ఏడుపొచ్చింది నాన్నా, నీ తప్పేం లేదు, కాసేపటికి తగ్గిపోతుంది’ అని చెప్పండి. ఆ వయసు పిల్లలు అమ్మ ఏడిస్తే కారణం తామేనేమో అనుకుంటారు.

ఇంకో మాట. మీరు చెప్పిన పాటకు మీరిప్పుడుంటున్న ఊళ్లోనే ఒక అక్క పాట ఉంది. 2004లో వచ్చిన తమిళ ‘ఆటోగ్రాఫ్’లో ‘ఒవ్వొరు పూక్కళుమే’ అని, పా. విజయ్ రాశారు, చిత్ర పాడారు. ఇద్దరికీ జాతీయ అవార్డులు వచ్చాయి. అదే ఏడాది తెలుగులో తీసినప్పుడు ఆ చోట చంద్రబోస్ మీ ‘మౌనంగానే’ పాట రాస్తే, పాడిందీ చిత్రగారే. కథ ఒకటే, గొంతూ ఒకటే. తమిళ పాటతో మీకు ఏ జ్ఞాపకమూ లేదు కదా, దాన్ని నేర్చుకోండి. బాబుకి స్కూల్లో తమిళం ఉంటే అర్థం వాడినే అడగండి, లేదంటే పక్కింటావిడను అడగండి. పొద్దున వాడికి టిఫిన్ బాక్స్ కట్టేటప్పుడు అదొక్కటే పెట్టుకోండి. కొన్ని వారాలకు ఆ పాట వినగానే మీకు ఈ వంటిల్లు, ఈ పిల్లాడు గుర్తొస్తారు.

చెన్నైలో పరాయిగా అనిపిస్తే డిసెంబర్‌లో మైలాపూర్ సంగీత సభలకు వెళ్లండి. వేళచేరి నుంచి రైలుంది. మధ్యాహ్నం కచేరీలు చాలావాటికి టికెట్ ఉండదు. తమిళ విద్వాంసులు త్యాగరాజ కృతులు తెలుగులో పాడుతుంటే, చుట్టూ ఉన్నవాళ్లు తల ఊపుతూ వింటుంటారు. మన మాట అక్కడ ఎప్పటినుంచో ఉందని తెలిస్తే నాకైతే కళ్లు చెమరుస్తాయి.

నిద్ర, తిండి రెండు వారాలకు మించి సరిగా లేకపోయినా, బతకాలనిపించకపోయినా పాటలతో సరిపెట్టుకోకండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఆ కారు పాటను మాత్రం డిలీట్ చేయకండి. ఆయన కంటే ముందు కూడా అది మీకు ఇష్టమైన పాటే అయ్యుండొచ్చు. వచ్చే ఉగాదికి ఒకసారి విని, ఎలా అనిపించిందో నాకు రాయండి.