ఒకే ఇంజిన్, మూడు ధరలు: వంద సీసీ బండికి ఎంత పెట్టొచ్చు?

ప్రశ్న: గాజువాకలో అద్దెకుంటున్నాం. పరవాడ ఫార్మా సిటీలో షిఫ్టు డ్యూటీ, చేతికొచ్చేది 24,000. రానూపోనూ 40 కిలోమీటర్లు. బస్సులకీ ఆటోలకీ నెలకు 2,400 అవుతోంది. స్ప్లెండర్ ఎక్స్‌టెక్ ఆన్‌రోడ్ లక్ష చెప్పారు. 20,000 కడితే మిగతాది 12 శాతం వడ్డీకి మూడేళ్ల ఫైనాన్స్ అట. హెచ్‌ఎఫ్ డీలక్స్ అయితే 82,000. రాయగడలో ఉన్న మా బావ తన నాలుగేళ్ల స్ప్లెండర్ 45,000కి ఇస్తానంటున్నాడు. నా దగ్గర 55,000 ఉంది. ఏది తీసుకోమంటారు?

జవాబు: మీరు అడిగింది బండి గురించే గానీ, నా కన్ను ముందుగా పడింది ఆ 12 శాతం మీద. షోరూంలో కూర్చున్న ఫైనాన్స్ కుర్రాడు చెప్పేది చాలాసార్లు ఫ్లాట్ వడ్డీ. అంటే మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా, మూడేళ్లూ మొత్తం 80,000 మీదే వడ్డీ లెక్కేస్తారు. అలాగైతే వడ్డీ 28,800, నెల వాయిదా 3,022. తగ్గుతున్న బాకీ మీద, అంటే రెడ్యూసింగ్ పద్ధతిలో లెక్క కడితే ఇది 21 శాతం పైనే. "ఫ్లాటా, రెడ్యూసింగా?" అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి. నోటిమాట వద్దు.

ఇక బండి. స్ప్లెండర్‌లోనూ హెచ్‌ఎఫ్ డీలక్స్‌లోనూ ఉన్నది అదే 97.2 సీసీ ఇంజిన్. హీరో హోండా 1985లో సీడీ 100 తెచ్చింది, 1994లో స్ప్లెండర్ తెచ్చింది. ఆ వంశం ఇంజిన్లు విప్పి బిగించడం రాని మెకానిక్ గాజువాకలో దొరకడు. మీరు ఎక్కువ ఇచ్చే 18,000 డిజిటల్ మీటరుకీ, బ్లూటూత్‌కీ, పేరుకీ. బండి ఒకటే అయినా కంపెనీలు ఊరిని బట్టి, కొనేవాడిని బట్టి వేషం మారుస్తాయి. బజాజ్ బాక్సర్‌నే చూడండి. మన షోరూముల్లోంచి ఎప్పుడో పోయింది, ఆఫ్రికా దేశాల్లో మాత్రం పొడవాటి సీటు, వెనక క్యారియర్‌తో కిరాయి బండిగా తిరుగుతోంది. అక్కడివాళ్లు మోసే బరువుకి డబ్బిస్తారు, మనం స్టిక్కరుకి ఇస్తాం. అయితే స్ప్లెండర్‌కి అమ్మకం ధర బాగా నిలబడుతుంది, అది కాదనను. కానీ మీరు దీన్ని పదేళ్లు వాడేవారిలా ఉన్నారు.

కాబట్టి నా ఓటు హెచ్‌ఎఫ్ డీలక్స్‌కే, సెల్ఫ్ స్టార్టు ఉన్న రకానికి. 55,000లో 35,000 కట్టండి. మిగిలిన 47,000కి జీతం పడే బ్యాంకునే అడగండి. 11 శాతం రెడ్యూసింగ్‌లో ఏడాదిన్నరకు దొరికితే వాయిదా దాదాపు 2,850, మొత్తం వడ్డీ 4,200. ఇందాకటి 28,800 పక్కన పెట్టి చూసుకోండి. చేతిలో ఉంచుకున్న 20,000 మాత్రం కదపొద్దు. ఇంట్లో జ్వరమొచ్చినా, ఒక నెల జీతం ఆలస్యమైనా ఆదుకునేది అదే.

బండి కొంటే ప్రయాణ ఖర్చు తగ్గుతుందనుకోకండి. నెలకు 26 రోజులంటే 1,040 కిలోమీటర్లు. లీటరుకు 65 వచ్చినా 16 లీటర్లు, లీటరు 108 లెక్కన 1,730. ఆయిలు, సర్వీసు, పంక్చర్లు కలిపితే 2,000 దాటుతుంది. ఇప్పుడయ్యే 2,400 దగ్గరికే వస్తుంది, వాయిదా దాని మీద అదనం. మీకు మిగిలేది నైట్ షిఫ్టు దిగాక ఆటో కోసం నిలబడే టైము. దానికి విలువ ఉంది, కొనండి.

బావ గారి బండిని తీసిపారేయలేం. లోపలి ప్రాంతంలో తిరిగింది కనక మన సముద్రపు ఉప్పుగాలికి చైనూ స్పోకులూ తినేసి ఉండదు. కానీ 45,000 చివరి ధర కాదు. ఒడిశా రిజిస్ట్రేషన్ బండిని ఇక్కడ ఏడాదికి మించి ఉంచితే మన నంబరు వేయించాలి. అందుకు అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఆర్సీలో ఫైనాన్స్ పేరు తీసేశారో లేదో చూడండి. పేరు మారిన 14 రోజుల్లో బీమా కంపెనీకి చెప్పాలి. చుట్టరికంలో ఈ కాగితాలు "తర్వాత చూద్దాంలే" అని ఆగిపోతాయి, చలాన్లు మాత్రం ఆగవు. ఇవన్నీ కలిపి 55,000 లోపు తేలితే, అప్పే లేకుండా అదే మేలు, కాకపోతే చేతిలో రూపాయి మిగలదు. అందుకని బావను 40,000కి బేరమాడండి, బావే కదా.

ఇక్కడే సెకండ్ హ్యాండ్ చూస్తే, నంబరు ఏపీ 31 (విశాఖ జిల్లా పాత కోడ్) అని ఉంటే అది 2019కి ముందుది. జిల్లాకో కోడ్ పోయి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది ఆ ఏడాదే. అమ్మేవాడు "మూడేళ్ల బండి" అంటే నంబరు ప్లేటు చూడండి.

కొత్త బండికి థర్డ్ పార్టీ బీమా (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) ఐదేళ్లకు ఒకేసారి కట్టిస్తారు. సొంత డ్యామేజీ పాలసీ మామూలుగా ఏడాదికే, అది ఏటా గుర్తుపెట్టుకుని కట్టాలి. ఓనర్‌కి 15 లక్షల ప్రమాద బీమా ఉందో లేదో పాలసీ కాగితంలో చూసి, నామినీగా మీ భార్య పేరు పడేలా చూసుకోండి. గాజువాక నుంచి ఆ హైవే మీద ట్రెయిలర్ల మధ్య వెళ్లేది మీరే.