ర్యాంకులు ఇవ్వకు తమ్ముడూ

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. బంగారం మీద రెండు రకాల థయాల్ అణువులు (ఒక కొసనున్న గంధకంతో బంగారాన్ని పట్టుకునే గొలుసు అణువులు) కలిసి పరుచుకునే పొరను కొలిచే పద్ధతులకు ఒకటి, రెండు, మూడు అని ర్యాంకులు ఇచ్చేశావు. ఇదేమైనా ఎంసెట్టా? ఆ పట్టిక తీసెయ్.

ముందు అసలు చిక్కు చెప్పు. ఒక థయాల్ చివర నీటిని దూరంగా ఉంచే మిథైల్, ఇంకోదాని చివర నీటిని ఇష్టపడే హైడ్రాక్సిల్. రెంటినీ ద్రావణంలో సగం సగం కలిపి బంగారు పూత పలకను ముంచినా, పొరలో సగం సగం వస్తుందన్న హామీ లేదు. ద్రావకం, గొలుసు పొడవు కూడా నిష్పత్తిని మార్చేస్తాయి. 1980ల చివర్లో రసాయన శాస్త్రవేత్త జార్జ్ వైట్‌సైడ్స్ బృందం చూపించింది ఇదే. నువ్వేమో ద్రావణంలోని లెక్కనే పొరకూ రాసేశావు.

ఎక్స్‌పీఎస్, అంటే ఎక్స్-కిరణాలు పడ్డప్పుడు ఎగిరొచ్చే ఎలక్ట్రాన్లను కొలిచే పద్ధతి, పైనున్న కొద్ది నానోమీటర్లలో ఏ మూలకం ఎంతుందో, ఏ బంధంలో ఉందో చెబుతుంది. అయితే అది చూసే మచ్చ మామూలుగా పదుల నుంచి వందల మైక్రాన్లు ఉంటుంది కాబట్టి చేతికొచ్చేది సగటే. పులిహోరలో పల్లీలు ఎన్నో చెబుతుంది గానీ, అన్నీ ఒక మూలకే చేరాయా అంటే చెప్పలేదు. ఎక్స్-కిరణాలు ఎక్కువసేపు పడితే పొరే పాడవుతుంది, అదీ రాయి.

అణువులు కలిసిపోయాయా, గుంపులు కట్టాయా అన్నది సన్నని సూది మొనను ఉపరితలానికి అతి దగ్గరగా నడిపి చూసే సూక్ష్మదర్శిని ఎస్‌టీఎంను అడగాలి. 1990ల్లో శాస్త్రవేత్త పాల్ వైస్ బృందం నానోమీటర్ల సైజు గుంపులను దాంతోనే చూసింది. కాకపోతే అది చూపే చోటు మరీ చిన్నది. పలకంతా అలాగే ఉందని రాయకు.

టాఫ్-సిమ్స్ దగ్గర మరీ జాగ్రత్త. అయాన్లతో కొడితే పైపొర నుంచి ఎగిరొచ్చే ముక్కల ద్రవ్యరాశిని బట్టి అక్కడ ఏ అణువుందో చెబుతుంది, మ్యాపు కూడా గీస్తుంది. కానీ పక్కన ఏముందన్న దాన్ని బట్టి సంకేతం పెరుగుతుంది, తగ్గుతుంది. సంకేతపు పీక్ రెట్టింపైతే అణువులూ రెట్టింపు అని రాశావు చూడు, ఆ వాక్యం కొట్టెయ్.

నీటిచుక్కను ఒక్క ముక్కలో తేల్చేశావేం? ఖర్చు లేని పరీక్ష! పూర్తిగా మిథైల్ పొరైతే చుక్క అంచు పలకతో సుమారు 110 డిగ్రీల కోణం చేస్తూ గుండ్రంగా నిలబడుతుంది. హైడ్రాక్సిల్ పొర మీద పరుచుకుపోతుంది. మిశ్రమానికి మధ్యలో ఏదో కోణం వస్తుంది. దాన్నుంచి నిష్పత్తి తీయడానికి క్యాసీ సూత్రం ఉంది, అయితే గాలిలోని మురికి కాస్త అంటినా లెక్క తప్పుతుంది. వ్యాసం ఈ చుక్కతోనే మొదలుపెట్టి, ఎక్స్‌పీఎస్ లెక్కను దాని పక్కన పెట్టు. రెండూ కుదరకపోతే ఎందుకో అక్కడే వివరించు. కాంతితో పొర మందం కొలిచే ఎలిప్సోమెట్రీకి రెండు వాక్యాలు చాలు.

తిరగరాసి ఆదివారంలోగా పంపు. మిథైల్ పొర మీది, హైడ్రాక్సిల్ పొర మీది చుక్క ఫొటోలు రెండూ పక్కపక్కనే పెట్టు.

మీ అన్నయ్య