పార్శిల్ పేరుతో వచ్చిన మెయిలుకు కార్డు వివరాలు ఇచ్చాక ఏం చేయాలి?

ప్రశ్న: ప్రభుత్వ ఉపాధ్యాయురాలిగా గత ఏడాది పదవీ విరమణ పొందాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటున్నాం. దసరా ఆఫర్లలో ఆన్‌లైన్‌లో ఒక మిక్సీ కొన్నాను. రెండు రోజులకు, చిరునామా సరిగా లేక పార్శిల్ ఆగిపోయిందనీ, 25 రూపాయలు కడితే మళ్లీ పంపుతామనీ మెయిలు వచ్చింది. అందులోని లింకు నొక్కి డెబిట్ కార్డు నంబరు, గడువు తేదీ, సీవీవీ (కార్డు వెనుక ఉండే మూడంకెల సంఖ్య) ఇచ్చాను. ఓటీపీ సందేశంలో 48,900 రూపాయలని కనిపించడంతో ఆపేశాను. డబ్బు పోలేదు. గ్రాట్యుటీతో కలిపి సుమారు 20 లక్షలు ఆ ఖాతాలోనే ఆటో స్వీప్‌లో (మిగులు సొమ్ము దానంతట అదే ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా మారే ఏర్పాటు) ఉన్నాయి. ఇంకా ప్రమాదం ఉందా? ఆన్‌లైన్‌లో కొనడం మానుకోవాలా?

జవాబు: ప్రమాదం ఇంకా ఉందమ్మా. అందుకే ఈ జవాబు పూర్తిగా చదివే ముందే ఆ కార్డును శాశ్వతంగా బ్లాక్ చేయించి, కొత్త నంబరుతో మరో కార్డుకు దరఖాస్తు చేయండి. బ్యాంకు యాప్‌లో తాత్కాలికంగా ఆపే సౌకర్యం ఉన్నా దానితో సరిపెట్టుకోవద్దు. ఫోన్ చేసేటట్లయితే కార్డు వెనుక ముద్రించిన నంబరుకే చేయండి. ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే కస్టమర్ కేర్ నంబర్లలో మోసగాళ్లవి కూడా ఉంటాయి. ఫిర్యాదు నంబరును తేదీ, సమయంతో సహా రాసి పెట్టుకోండి.

ఓటీపీ ఇవ్వలేదు కదా, ఇంత తొందర ఎందుకని మీకు అనిపించవచ్చు. మన దేశంలోని దుకాణాలకు సాధారణంగా ఓటీపీ లాంటి రెండో ధ్రువీకరణ అవసరం గానీ, చాలా విదేశీ వెబ్‌సైట్లలో కార్డు నంబరు, గడువు తేదీ, సీవీవీ ఉంటే చాలు, చెల్లింపు జరిగిపోతుంది. ఆ మూడూ ఇప్పుడు మోసగాళ్ల చేతిలో ఉన్నాయి. రిజర్వు బ్యాంకు ఆదేశాలతో 2020 నుంచి ప్రతి కార్డుకూ ఆన్‌లైన్, అంతర్జాతీయ లావాదేవీలను విడివిడిగా ఆపుకునే వీలు వచ్చింది. కొత్త కార్డు చేతికి రాగానే అంతర్జాతీయ వాడకాన్ని ఆపేసి, ఆన్‌లైన్ పరిమితిని మీ అవసరం మేరకు తగ్గించండి.

తొందరకు మరో కారణం కూడా ఉంది. మోసపూరిత లావాదేవీలలో ఖాతాదారు బాధ్యతపై రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఆదేశాలు ఇచ్చింది. వాటి ప్రకారం తప్పు బ్యాంకుదీ మనదీ కాకుండా మరెక్కడో జరిగి, ఆ లావాదేవీ గురించి బ్యాంకు తెలియజేసిన మూడు పని దినాల్లోగా మనం ఫిర్యాదు చేస్తే, మనకు నష్టం ఉండదు. కానీ వివరాలను ఖాతాదారే స్వయంగా ఇచ్చినప్పుడు, బ్యాంకుకు తెలిపేంతవరకు జరిగిన నష్టమంతా ఖాతాదారే భరించాలి, తెలిపిన తర్వాత జరిగేది బ్యాంకు భరిస్తుంది. మీరు ఈ రెండో కోవలోకి వస్తారు కాబట్టి, ఫిర్యాదు నమోదయ్యే క్షణం మీకు చాలా విలువైనది.

సొమ్ము పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని చెప్పేవాడిని. ఆ ఫిర్యాదు త్వరగా అందితే, డబ్బు ఖాతాలు మారుతూ చేజారకముందే బ్యాంకులు దాన్ని నిలిపివేయగలుగుతాయి. అలా నిలిపివేసిన సొమ్మును తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు కూడా. మీకు నష్టం జరగకపోయినా ఆ మెయిలును చెరిపేయకుండా, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో దాని వివరాలు నమోదు చేయండి.

‘నేను మిక్సీ కొన్న సంగతి వాళ్లకెలా తెలిసింది’ అన్న సందేహం మీలాంటి స్థితిలో చాలామందికి వస్తుంది. చాలాసార్లు వాళ్లకేమీ తెలియదు. పండుగ అమ్మకాల రోజుల్లో హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర చూసినా పార్శిళ్లే కనిపిస్తాయి. ఒకే మెయిలును లక్షల మందికి పంపితే, నిజంగానే పార్శిల్ కోసం ఎదురుచూస్తున్నవారు అందులో ఎంతోమంది ఉంటారు. అడిగిన మొత్తం 25 రూపాయలే కావడం కూడా లెక్క ప్రకారమే, ఎందుకంటే అంత చిన్న మొత్తానికి ఎవరూ రెండోసారి ఆలోచించరు. వాళ్లకు కావలసింది మీ కార్డు వివరాలు.

ఇలాంటి మెయిళ్లను అక్షర దోషాలను బట్టి పట్టుకోవచ్చనేది పాత మాట. ఇప్పుడవి తప్పుల్లేని భాషలో, అసలు సంస్థ లోగోతోనే వస్తున్నాయి. పంపినవారి పేరును బట్టి కూడా నమ్మకూడదు, ఆ పేరు ఎవరైనా ఎలాగైనా పెట్టుకోవచ్చు. దాని వెనుక ఉన్న అసలు మెయిల్ చిరునామాను విప్పి చూడాలి. లింకులో దుకాణం పేరు ఎక్కడో ఒకచోట కనిపించడం చాలదు. మొదట్లోని ‘https://’ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు (/) సరిగ్గా ముందు, డాట్ కామ్ లేదా డాట్ ఇన్‌ను ఆనుకుని ఉన్న పేరే ఆ వెబ్‌సైట్ యజమానిది. చిరునామా పక్కన తాళం గుర్తు ఉన్నంత మాత్రాన ఆ వెబ్‌సైట్ నిజాయితీగలదని కాదు. మనం పంపే సమాచారం దారిలో ఎవరికీ కనబడదని మాత్రమే దాని అర్థం. బ్యాంకు పేరుతో వచ్చే లింకులకైతే ఇప్పుడొక మంచి ఆధారం ఉంది. 2025 అక్టోబరు 31లోగా బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాలకు మార్చాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది.

అయినా ఇవన్నీ ప్రతిసారీ పరిశీలించే ఓపిక ఎవరికీ ఉండదు, మోసగాళ్ల ధైర్యమూ అదే. నా అభిప్రాయంలో నమ్మదగిన పద్ధతి ఒక్కటే. డబ్బు గురించి మెయిలు ఏమి చెప్పినా అందులోని లింకు జోలికి పోకుండా, మీరే దుకాణం యాప్ తెరిచి ‘నా ఆర్డర్లు’ అన్నచోట చూడండి. పార్శిల్‌కు నిజంగా ఇబ్బంది ఉంటే అక్కడ కనిపిస్తుంది. రీఫండు ఇస్తామన్న మెయిళ్లకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. యూపీఐలో మన ఖాతాకు డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పిన్ అడిగారంటే మన డబ్బు బయటికి పోతున్నట్లే. మీ ఫోన్ తెరను వాళ్లకు చూపించే యాప్ వేసుకోమన్నా, ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పని లేకుండా ఫోన్‌లోకి యాప్ ఎక్కించే ఫైలు) పంపినా అక్కడితో ఆపేయండి. ఓటీపీ సందేశాన్ని అంకెల వరకే చదివి వదిలేయకుండా మొత్తమూ, దుకాణం పేరూ చూసే మీ అలవాటే ఈసారి 48,900 రూపాయలను కాపాడింది, దాన్ని ఇంట్లో అందరికీ నేర్పండి.

ఇక నన్ను ఎక్కువగా కలవరపెట్టిన విషయం మీ 20 లక్షలు ఉన్న చోటు. కోఠికి చీరలు కొనడానికి వెళుతూ బీరువాలోని సొమ్మంతా సంచిలో వేసుకుని వెళ్లం కదా. ఆటో స్వీప్ ఉన్న ఖాతాకు డెబిట్ కార్డు, యూపీఐ జోడిస్తే జరిగేది అదే. ఖాతాలో నిల్వ తగ్గగానే ఫిక్స్‌డ్ డిపాజిట్ దానంతట అదే విడిపోయి లోటు పూడుస్తుంది. ఆ చెల్లింపు మీరు చేశారా, మోసగాడు చేశాడా అన్నది ఆ ఏర్పాటుకు తెలియదు. రోజువారీ పరిమితి ఉన్నా, రోజుకు కొంత చొప్పున పోతూ ఉంటే గమనించేసరికి లక్షలు దాటవచ్చు.

కాబట్టి ఆన్‌లైన్ కొనుగోళ్లు మానుకోనక్కర్లేదు, వాటికి వాడే ఖాతాను వేరు చేయండి. స్వీప్ లేని ఒక పొదుపు ఖాతాలో నెల ఖర్చుకు సరిపడా, పది పదిహేను వేలు ఉంచి, కార్డు, యూపీఐ దానికే పరిమితం చేయండి. పదవీ విరమణ సొమ్మును కార్డు, యూపీఐ లేని మరో ఖాతాలో పెట్టి, దాని నెట్ బ్యాంకింగ్‌లో బదిలీ పరిమితిని వీలైనంత తగ్గించమని బ్యాంకు శాఖలో అడగండి. అందులో అత్యవసరాలకు నాలుగైదు లక్షలు మామూలు డిపాజిట్లుగా ఉంచి, మిగిలినది సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేసుకోవచ్చు. ఒకరు 30 లక్షల వరకు పెట్టవచ్చు, గడువు ఐదేళ్లు, వడ్డీ మూడు నెలలకోసారి చేతికందుతుంది. ఐదేళ్లలోపు మూసేస్తే కొంత కోత ఉంటుంది కాబట్టి, ఈలోగా అవసరమయ్యే డబ్బు అందులో పెట్టవద్దు. వడ్డీ జమయ్యే ఖాతాగా కార్డు లేనిదాన్నే రాయించి, ఇంటి ఖర్చుకు కావలసినంత నెలకోసారి మొదటి ఖాతాకు మార్చుకోండి.