పాఠకుల ప్రశ్నలు: పాట లేని గంటల లెక్క

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండ్‌లోని డెవన్ ప్రాంతంలో ఒక చిన్న పల్లెలో ఉంటున్నాడు. కిందటి నవంబరు నెలంతా నేను అక్కడే ఉన్నాను. ఊరి చర్చిలో ఆరు గంటలున్నాయి. ప్రతి సోమవారం రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది దాకా, మళ్లీ ఆదివారం ఉదయం, వాటిని మోగించేవారు. రెండో ఆదివారం మాత్రం ఒకసారి గట్టిగా, మరోసారి ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టుగా వినిపించాయి. ఒక శనివారం మధ్యాహ్నం మూడు గంటలసేపు ఆపకుండా మోగించారు. అంతసేపు విన్నా ఏ పాటా నాకు దొరకలేదు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని కనుక అందులో ఏదో క్రమం ఉందని మాత్రం తోచింది. ఇదేమిటో వివరిస్తారా? మన దేశంలో ఎక్కడైనా ఉందా? క్రైస్తవురాలిని కాని నేను ఈసారి వెళ్లినప్పుడు ఆ గోపురంలోకి వెళ్లి చూడవచ్చా?
– విశ్రాంత ఉపాధ్యాయిని, కాకినాడ

జవాబు: మీకు తోచింది నిజమే. మీరు విన్నది పాట కాదు, ప్రస్తారం, అంటే ఉన్న గంటలనే వరుస మార్చి మార్చి మోగించడం. మీరు తరగతిలో నల్లబల్ల మీద వేసి చూపిన ప్రస్తారాలనే ఇంగ్లండ్ పల్లెల వారు పదిహేడో శతాబ్దం నుంచి తాళ్లు లాగి వినిపిస్తున్నారు. ఈ విద్యను చేంజ్ రింగింగ్ అంటారు.

పాట ఎందుకు వాయించరనే దానికి జవాబు గంటను అమర్చిన తీరులోనే ఉంది. మన ఊళ్లలో చర్చి గంట వేలాడుతూ అటూ ఇటూ ఊగుతుంది. అక్కడ ఒక్కొక్క గంటను ఒక పెద్ద చెక్క చక్రానికి జతచేసి, మోగించే ముందు ఊపి ఊపి తలకిందులుగా, నోరు ఆకాశం వైపు ఉండేలా నిలబెడతారు. తాడు లాగగానే గంట ఒక పూర్తి చుట్టు తిరిగి, ఒక్కసారి మోగి, మళ్లీ నోరు పైకి వచ్చి నిలుస్తుంది; ఇంకోసారి లాగితే వచ్చిన దారినే వెనక్కి తిరుగుతుంది. పల్లె చర్చిల్లో కూడా పెద్ద గంట అర టన్నుకు అటూ ఇటూగా తూగుతుంది కనుక, ఒక్కో చుట్టుకు దాదాపు రెండు సెకన్లు పట్టే ఆ బరువును నడుమ ఆపడం ఎవరి తరమూ కాదు. పైకి చేరిన క్షణంలో దాన్ని కాస్త నిలిపి ఉంచడం, లేదా కాస్త ముందే దించడం, ఈ రెండే మనిషి చేతిలో ఉన్నవి. అందుకే ఏ గంటైనా వరుసలో తన పక్క గంటతో మాత్రమే చోటు మార్చుకోగలదు.

ఒక కాగితం తీసుకోండి. అన్నిటికంటే చిన్న గంటకు 1, పెద్దదానికి 6 అని పేరు. మొదట 123456 అని పై స్వరం నుంచి కిందికి దిగుతారు. తరువాతి వరుస 214365, ఆ తరువాత 241635, ఆపైన 426153. ఇప్పుడు 1 ఉన్న చోట్లన్నీ కలుపుతూ గీత గీయండి. అది ఒక్కో అడుగూ పక్కకు జరుగుతూ పోవడం కనిపిస్తుంది. మోగించేవారు కంఠస్థం చేసేది ఇటువంటి గీతనే, చేతిలో కాగితమేమీ ఉండదు. ఆరు గంటలకు 720 వరుసలు, ఏడింటికి 5040, ఎనిమిదింటికి 40320 అని మీకు నేను చెప్పనక్కరలేదు. ఛందస్సులో గురులఘువులకు ప్రస్తారం వేసే మన పద్ధతి వేరే అయినా, ఏ వరుసా విడిచిపోకూడదు, ఏదీ రెండోసారి రాకూడదు అనే పట్టుదల రెండింటిలోనూ ఒకటే.

మీరు శనివారం విన్నది బహుశా ‘పీల్’ అయి ఉంటుంది. అయిదు వేలకు పైగా వరుసలను ఏకబిగిన మోగించడం దాని నియమం. ఆరు గంటల చర్చిలో 720 వరుసలను ఏడుసార్లు పూర్తిచేస్తే 5040 అవుతుంది. అంతసేపూ మనిషి మారడు, తాడు చేయి మారదు. నార్విచ్ పట్టణంలోని సెయింట్ పీటర్ మాన్‌క్రాఫ్ట్ చర్చిలో 1715 మే 2న మోగించినదాన్ని మొదటి నిజమైన పీల్‌గా చెప్పుకుంటారు. 1963లో లాఫ్‌బరోలో ఎనిమిదిమంది 40320 వరుసలనూ దాదాపు 18 గంటలపాటు, మధ్యలో ఎవరూ తప్పుకోకుండా మోగించారు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

సోమవారాలవి అభ్యాసపు రాత్రులు. డెవన్‌లో వరుసలను కంఠస్థం చేయడం కంటే, ఒకరు పైకి పిలిచి చెప్పగా ఏ రెండు గంటలు చోటు మార్చుకోవాలో తెలుసుకుని మార్చుకునే పద్ధతికి ఆదరణ ఎక్కువ. ఇది తేలికైన విద్య అనుకునేవారున్నారు, నేను ఒప్పుకోను. మార్పులు తక్కువ కనుక దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం వెంట్రుకవాసి తప్పినా ఊరంతటికీ తెలిసిపోతుంది. డెవన్ వారు ఆ సమానత కోసమే ప్రాణం పెడతారు.

రెండో ఆదివారం యుద్ధమృతుల స్మరణ దినం. ఆ రోజు ప్రతి గంట నాలుకకూ ఒక పక్క మాత్రమే తోలు మెత్త కడతారు. గంట ఒకవైపు తిరిగినప్పుడు ఖంగున మోగుతుంది, వెనక్కి తిరిగినప్పుడు అదే స్వరం ప్రతిధ్వనిలా మెల్లగా వస్తుంది. రెండో ప్రపంచయుద్ధంలో, 1940 జూన్ నుంచి, శత్రువు దేశం మీద దిగితేనే గంటలు మోగించాలని అక్కడి ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. ఈజిప్టులోని ఎల్ అలమీన్ దగ్గర జరిగిన యుద్ధంలో తమ విజయానికి గుర్తుగా 1942 నవంబరు 15న, అదీ ఒక ఆదివారమే, దేశమంతటా మళ్లీ మోగనిచ్చారు. రెండేళ్లకు పైగా మూగబోయిన గోపురాల కింద నిలబడి ఆ ఉదయం విన్నవారి మనసు ఎలా ఉండి ఉంటుందో ఊహించండి.

మన దేశంలో పుణేలోని హోలీ నేమ్ చర్చిలో ఈ పద్ధతికి అమర్చిన ఎనిమిది గంటలున్నాయి. మన తెలుగు ప్రాంతపు చర్చిల్లో సాధారణంగా ఉండేది ఒకే గంట. ఆదివారం మొదటి గంట, రెండో గంట అని ఆరాధన వేళను తెలపడమే దాని పని.

గోపురంలోకి తప్పక వెళ్లండి. మోగించేవారిలో రైతులు, బడిపిల్లలు, మీవంటి విశ్రాంత ఉద్యోగులు ఉంటారు. ప్రార్థనకు రాని వారూ ఉంటారు, మతం ఎవరూ అడగరు. సోమవారం రాత్రి ముందుగా ఒక మాట చెప్పి వెళితే సాధారణంగా సంతోషంగా కూర్చోబెడతారు. మెట్లు ఇరుకుగా, మెలికలుగా ఉండవచ్చు కనుక మోకాళ్లను చూసుకోండి. గోడ పక్క బల్ల మీద పాదాలు రెండూ నేలకు ఆనించి కూర్చోండి, తాడును మాత్రం ఎంత ముచ్చటేసినా ముట్టుకోవద్దు. పైన నోరెత్తి నిలిచిన గంట కదిలిందంటే తాడుతో పాటు మనిషినీ పైకి లాగేస్తుంది. తాడు నడుమ రంగురంగుల ఊలు చుట్టిన పిడి ఉంటుంది, దానిని శాలీ అంటారు. అందరూ పిడులు పట్టుకున్నాక చిన్న గంట దగ్గర నిలబడినవారు ‘లుక్ టు’ అని హెచ్చరిస్తారు, తాడు కదిలిస్తూ ‘ట్రెబుల్స్ గోయింగ్’ అంటారు (ట్రెబుల్ అంటే ఆ చిన్న గంటే), గంట ఒరగగానే ‘షీ ఈజ్ గాన్’ అంటారు. అక్కడ గంటలన్నీ ఆడవారే. ఆ మాట వినగానే 1 నుంచి లెక్క మొదలుపెట్టండి.